ఎనిమిదో వంతు

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత కొన్నాళ్లు తెనాలి గాంధీ చౌక్ దగ్గరున్న నా రిపేరు కొట్టు కిటకిటలాడింది. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకొచ్చి విండోస్ 11 ఎక్కించమనేవాళ్లు. ఎక్కదంటే మొహం వేలాడేసేవాళ్లు. దానికి టీపీఎం 2.0 చిప్పు ఉండాలి, ప్రాసెసరు ఫలానా తరానిదై ఉండాలి. పదేళ్లు దాటిన మిషన్లకి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి? స్తోమత ఉన్నవాళ్లు విజయవాడ వెళ్లి కొత్తవి కొనుక్కున్నారు. మిగిలినవాళ్లకి లైనక్స్ మింట్ ఎక్కించి, ఇదీ అలాగే ఉంటుందండీ అని చెప్పి పంపాను. హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు వాళ్లలో ఒకరు.

ఆ ల్యాప్‌టాప్ వాళ్లబ్బాయి ఇంజనీరింగులో ఉండగా కొన్నది. అమెరికా వెళ్తూ వదిలేసిపోతే, ఈయన తుడిచి, మీద గుడ్డ కప్పి, హాల్లో బల్ల మీద పెట్టుకున్నారు. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేశాను. ర్యామ్ పెంచాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ప్లగ్గులో ఉన్నంతసేపే ప్రాణం. తెర మాత్రం పాతదే, అడ్డం 1366 చుక్కలు, నిలువు 768. ఇది ఎక్స్‌చేంజికి ఇచ్చెయ్యండి మాస్టారూ అంటే, “మావాడు రాత్రింబవళ్లు దీని మీదే చదివాడురా” అనేవారు. ఆ మాట తర్వాత ఇంక బేరం ఉండదు.

ఆ అబ్బాయి డాలస్‌లో ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి మాస్టారూ, ఆయన భార్య పిన్నిగారూ వెళ్లలేదు.

“ఎవర్నీ పిలవలేదురా. ముహూర్తం హఠాత్తుగా కుదిరింది. మొగుడూ పెళ్లామూ ఇద్దరే నిలబడి పాలు పొంగించుకున్నారు. పంతులుగారు కూడా ఫోన్లోనే మంత్రాలు చదివారట” అని మాస్టారు చెప్పేవారు. పాలకేంద్రం దగ్గరా, పెన్షనర్ల సంఘంలోనూ, నా కొట్టులోనూ, ఎవరూ అడక్కముందే చెప్పేవారు.

వీడియో తీసింది అబ్బాయి స్నేహితుడు. గుంటూరు కుర్రాడు. సెలవుకి వచ్చినప్పుడు కెమెరాలో ఉన్నది ఉన్నట్టు పెన్‌డ్రైవులో వేసి మాస్టారింట్లో ఇచ్చిపోయాడు. మంచి కుర్రాడే. కాకపోతే మంచివాళ్లకి ఎక్కడ కత్తిరించాలో తెలీదు.

మాస్టారిది మీటల ఫోను. పిన్నిగారి ఫోన్లో చూడమంటే, శుక్లాలు తీయించుకున్న కళ్లకి అంత చిన్న బొమ్మ ఆనదు. అందుకని ల్యాప్‌టాప్‌లోనే చూసుకునేవారు. ఓ రోజు సాయంత్రం నేరుగా కొట్టుకే వచ్చారు.

“ఒరేయ్, నువ్వెక్కించిన దాంట్లో బొమ్మ తెరలో పట్టడం లేదు. గుమ్మంలో పట్టని మంచంలా ఉంది వ్యవహారం. కొంత లోపల, మిగతాదంతా బయట.”

“ఏం కనిపిస్తోంది మాస్టారూ?”

“ఎడమ పక్క పై మూల కనిపిస్తోంది. గోడ, మామిడాకుల తోరణం, దాని కింద మావాడూ కోడలూ. ఇద్దరూ నడుం దాకానే. మధ్యలో ఒకసారి ఇద్దరూ వంగుతారు, బొమ్మలోంచి మాయమైపోతారు. ఉత్త గోడ మిగుల్తుంది. కాసేపటికి లేస్తారు, తలనిండా అక్షింతలు. దేవుడికి సాష్టాంగం పెట్టారన్నమాట. చూశావా, ఎంత దూరం వెళ్లినా పద్ధతి మర్చిపోలేదు.”

ఎఫ్ నొక్కితే తెర నిండా సరిపోతుందని చెప్పాను. ఆయన ససేమిరా అన్నారు. అంతకుముందెప్పుడో ప్రవచనం చూస్తూ పొరపాటున అది నొక్కితే కింద పట్టీ పోయి, గడియారం పోయి, ఎలా బయటపడాలో తెలీక ప్లగ్గు పీకేశారట. “అయినా రోజూ ఒకటి నొక్కడమేంట్రా? జబ్బు ఎక్కడుందో చూడు.”

లెక్కల మాస్టారు కదా, ఉపాయం చెబితే ఊరుకోరు, కారణం కావాలి.

రాత్రి కొట్టు మూసి వాళ్లింటికి వెళ్లాను. పిన్నిగారు కాఫీ ఇచ్చారు. పెన్‌డ్రైవు ఏదని అడిగితే, “ఎక్కడ పెట్టానో బాబూ, కనిపించట్లేదు. మొన్న శివాలయంలో కల్యాణం నా ఫోన్లో తీశాను, అదేసి చూడు. ఏదైతేనేం” అన్నారు. నిజమే, జబ్బు ప్లేయరుదైతే ఏ వీడియో అయినా ఒకటే. కేబులు తగిలించి కల్యాణం ఎక్కించుకున్నాను. స్వామివారి కిరీటమూ, షామియానా అంచూ కనిపించాయి. మిగతా కల్యాణమంతా తెర బయట జరుగుతోంది.

ఆ నారింజ రంగు కోను బొమ్మ ఉన్న ప్లేయరు వీఎల్‌సీ. 1996లో పారిస్ శివార్లలోని ఎకోల్ సెంట్రాల్ అనే ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు చదువులో భాగంగా మొదలుపెట్టారు. 2001లో అందరికీ ఉచితంగా వదిలారు. వీడియో ఎంతుందో కిటికీ అంత తెరుచుకోవాలన్నది దాని ఏర్పాటు. అప్పట్లో అది మర్యాదే. వీసీడీ బొమ్మ 352 చుక్కల వెడల్పు, 288 ఎత్తు. డీవీడీ 720, 576. అప్పటి మానిటర్లలో అవి హాయిగా ఇమిడిపోయేవి, ఉన్నది ఉన్నంతలో చూపిస్తే బొమ్మ చెదిరేది కాదు. తర్వాత ఫోన్లూ కెమెరాలూ 4కే తీయడం మొదలుపెట్టాయి, ఈ ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది. అది అంత చోటు అడిగితే, ఇవ్వాలా వద్దా అన్నది విండో మేనేజరు ఇష్టం. కొన్ని తెరకి తగ్గట్టు కుదిస్తాయి. కొన్ని అడిగినంతా ఇచ్చేస్తాయి. తేలిగ్గా నడుస్తుందని నేను మాస్టారికి వేసిన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌ది రెండో రకం. అప్పుడు కిటికీని మూసే, పెంచే బొత్తాలు కుడి అంచున ఎక్కడో తెర బయటికి పోతాయి, ఆడించే బొత్తాలు అడుగున మునిగిపోతాయి. ఆల్ట్ నొక్కిపట్టి కిటికీని ఎక్కడ పట్టుకు లాగినా కదులుతుంది గానీ, డెబ్బై ఏళ్లు దాటిన మనిషికి అది చెప్పే వైద్యం కాదు.

ఇదంతా మాస్టారికి చెప్పాను. ఆయన పంచాంగం వెనక అట్ట మీద పెన్సిలు పెట్టారు.

“మావాడి వీడియో ఎంతన్నావ్?”

“4కే అయితే 3840, 2160.”

“82 లక్షల 94 వేల 400 చుక్కలు. ఈ తెర 1366 ఇంటూ 768. పది లక్షల 49 వేల 88. భాగించు. ఏడు పాయింట్ తొమ్మిది. అంటే ఎనిమిదో వంతు. నేనిన్నాళ్లూ మావాడి ఇంటిని ఎనిమిదో వంతే చూశానన్నమాట!” మంచి లెక్క దొరికినప్పుడు క్లాసులో వచ్చే నవ్వే వచ్చింది ఆయన మొహంలో.

కంట్రోల్ పి నొక్కితే ప్రిఫరెన్సెస్ తెరుచుకుంటుంది. ఇంటర్‌ఫేస్ పేజీలో ‘రీసైజ్ ఇంటర్‌ఫేస్ టు వీడియో సైజ్’ అనే గడి ఉంటుంది, దాని ఎదురుగా టిక్కు. అది తీసేసి సేవ్ నొక్కాను. కల్యాణం మళ్లీ వేశాను. కిటికీ బుద్ధిగా తెర మధ్యలో తెరుచుకుంది. స్వామీ, అమ్మవార్లూ, పంతుళ్లూ, ముందు వరసలో కూర్చున్న ఊళ్లో పెద్దలూ, అందరూ కనిపించారు.

పిన్నిగారు గ్లాసులు తీసుకెళ్తూ ఆగారు. “ఆ టిక్కు ఒక్కటేనా బాబూ, అంతేనా?”

“అంతేనండీ. ఉంటే పెద్దది, తీస్తే మామూలు.”

“అంత చిన్నదానికే ఇంత గొడవా” అని లోపలికెళ్లారు.

పొద్దున్నే మాస్టారి ఫోను. పెన్‌డ్రైవు పోపులడబ్బా వెనక దొరికిందట, వేసి చూస్తే మళ్లీ అదే గోడ, అదే తోరణం. వెళ్లి చూస్తే నిజంగానే గడిలో టిక్కు ఉంది. నిన్న సేవ్ సరిగా పడలేదేమో అనుకుని మళ్లీ తీశాను. పెన్‌డ్రైవు చేతిలోకి తీసుకోబోతుంటే పిన్నిగారు గుమ్మంలోకొచ్చి, గ్యాసు బండ మార్చాలి, రెగ్యులేటరు పట్టేసింది, కాస్త చూస్తావా అన్నారు. అది చూసేసరికి కరెంటు పోయింది. కొట్టు తీసే వేళా అయింది.

మర్నాడు మళ్లీ టిక్కు.

ఇక్కడ నాకు పంతం వచ్చింది. మందు వేశాక తగ్గి మళ్లీ తిరగబెట్టే జబ్బంటే రిపేరువాడికి అవమానం. ముందు తెరనే అనుమానించాను. ఎక్స్‌రాండర్ కమాండు కొట్టి చూస్తే కొలత సరిగ్గానే ఉంది, స్కేలింగు మాయలేమీ లేవు. ఎంపీవీ అని ఇంకో ప్లేయరు వేశాను. దాని కాన్ఫిగ్ ఫైల్లో ఆటోఫిట్-లార్జర్ అని ఒక్క లైను రాసి, వెడల్పులో 90 శాతం, ఎత్తులో 80 శాతం అని పెడితే చాలు. వీడియో అంతకన్నా పెద్దదైతేనే కుదిస్తుంది, చిన్నవాటి జోలికి పోదు. నన్నడిగితే అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు అదే. మాస్టారికి మాత్రం నచ్చలేదు. “దీనికి మెనూ లేదు, ఏం లేదు. నాకు ఆ నారింజ టోపీదే కావాలి.” సరే, నారింజ టోపీ దగ్గరికే వచ్చాం.

వీఎల్‌సీ తన సెట్టింగులన్నీ హోమ్ ఫోల్డర్లో, డాట్ కాన్ఫిగ్ లోపల, వీఎల్‌సీఆర్‌సీ అనే ఫైల్లో రాసుకుంటుంది. ఆ టిక్కు తీస్తే అందులో ‘క్యూటీ-వీడియో-ఆటోరీసైజ్=0’ అని పడాలి. తెరిచి చూస్తే సున్నా లేదు. ఫైలు చివరిసారి మారిన సమయం చూశాను. 23:52.

కిటికీ ఎక్కడుంది, ఎంత ఉంది, చివర ఏ వీడియో చూశాం, ఇలాంటివన్నీ వీఎల్‌సీ వేరే ఫైల్లో దానంతటదే రాసుకుంటుంది. వీఎల్‌సీఆర్‌సీ మాత్రం అలా మారదు. అందులో ఆ టిక్కు లైను ఎవరో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి సేవ్ నొక్కితేనే మారుతుంది.

“మాస్టారూ, రాత్రి పన్నెండింటికి కంప్యూటర్ ముందు కూచున్నారా?”

“తొమ్మిదింటికి మాత్ర వేసుకుంటే పొద్దున ఐదింటికే నాకు మెలకువ.”

“పోనీ పిన్నిగారు?”

“ఆవిడా? ఆవిడకి అందులో టైం చూడ్డం తప్ప ఏమీ తెలీదు” అన్నారు, స్టాఫ్ రూములో గుమాస్తా గురించి చెప్పినంత ధీమాగా.

ఇంట్లో ఉన్నది ఇద్దరు. ఒకరు నిద్రపోతారు, ఇంకొకరికి ఏమీ తెలీదు. ఎవరు నొక్కుతున్నారో కనుక్కోవడం నా పని కాదు, నొక్కినా మారకుండా చూడ్డం నా పని. టిక్కు తీసి, సేవ్ చేసి, టెర్మినల్ తెరిచి ఆ ఫైలుకి సీహెచ్‌మోడ్ 444 కొట్టాను. చదవడమే తప్ప రాయడం కుదరదు. ఇలా తాళం వేసేవాళ్లు ఉంటారని వీఎల్‌సీ రాసినవాళ్లకీ తెలుసు. ఫైలుకి రాసే హక్కు ఉందో లేదో చూసుకుని, లేకపోతే దాని జోలికి వెళ్లకుండా ప్రోగ్రాములోనే ఏర్పాటు చేశారు. ఆ పూటకి ఎవరైనా టిక్కు పెట్టుకోవచ్చు. మూసి తెరిస్తే మళ్లీ నా మాటే చెల్లుతుంది.

“ఇంక బ్రహ్మదేవుడు నొక్కినా మారదు మాస్టారూ” అన్నాను. పెన్‌డ్రైవు ఈసారి ఆయన చొక్కా జేబులోనే ఉంది. రేపు పొద్దున్నే తీరిగ్గా చూసుకుంటానన్నారు.

పొద్దున్న ఫోను వచ్చింది. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

“ఓసారి వస్తావా?”

“మళ్లీ పెద్దదైందా మాస్టారూ?”

“లేదు. సరిగ్గానే ఉంది. నువ్వు రా.”

గేటు తీసేసరికి పిన్నిగారు కరివేపాకు చెట్టు దగ్గరున్నారు. నన్ను చూసి రెమ్మ విరుస్తున్నదల్లా ఆపి, కిటికీ వైపు ఓసారి చూసి, దగ్గరికొచ్చారు.

“బాబూ, నిన్న దాన్నేమైనా చేశావా? రాత్రి ప్రిఫరెన్సెస్‌లోకెళ్లి టిక్కు పెట్టి సేవ్ కొట్టాను. మూసి తెరిస్తే పోతోంది. ఎన్నిసార్లు పెట్టినా నిలవట్లేదు.”

నాకు నోట మాట రాలేదు.

“అందులో అందరూ ఉన్నారు బాబూ” అన్నారు. “వియ్యంకుడూ, వియ్యపురాలూ, వాళ్ల పెద్దబ్బాయి కుటుంబం, ఇంకా ఎవరెవరో. పంతులుగారు కూడా ఎదురుగానే కూచునున్నారు. పెన్‌డ్రైవు వచ్చిన రోజే ఈయన నిద్రపోయాక ఫుల్ స్క్రీన్ పెట్టి మొత్తం చూశాను. మనల్ని తప్ప అందర్నీ పిలుచుకున్నాడు. ఈయనేమో ఊరంతా తిరిగి ఎవర్నీ పిలవలేదని చెప్పుకొస్తున్నారు. గుండెకి స్టెంటు వేసిన మనిషి. ఇది ఆయన కంట పడితే ఏమన్నా ఉందా? ఇవాళింకా తెరవలేదు, పేపరు ముందేసుకు కూచున్నారు. నీకు పుణ్యముంటుంది, ఆ టిక్కు నిలిచేలా చేసెయ్యి. నేను చెప్పానని మాత్రం అనకు.”

తల ఊపి లోపలికెళ్లాను.

మాస్టారు లేచి తలుపు దగ్గరగా వేశారు. పేపరు ల్యాప్‌టాప్ మీద కప్పి ఉంది. అది తీశారు. కిటికీ తెరలో చక్కగా ఇమిడి ఉంది, బొమ్మ ఆపి ఉంది. ఎడమ పక్క పైన ఉత్త గోడ, తోరణం. కింద, బొమ్మ మధ్యలో, పీటల మీద వియ్యంకులిద్దరూ, ఒళ్లో పసుపు బొట్లు పెట్టిన కొత్త బట్టలు. వాళ్ల పాదాల మీద కొడుకు తల, పక్కనే కోడలి తల. వియ్యపురాలి చెయ్యి అక్షింతలు జల్లబోతూ గాల్లో ఉంది. వెనక రెండు వరసల కుర్చీలు, కుర్చీల నిండా మనుషులు.

“మిగతా ఏడు వంతుల్లోనూ వీళ్లున్నార్రా” అన్నారు.

ఏమనాలో తెలీక మౌసు పట్టుకున్నాను.

“నా సంగతి వదిలెయ్. నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి, ఎవడు ఎప్పుడు అబద్ధం ఆడతాడో తెలీకపోదు. మీ పిన్నిగారు మాత్రం ఇది చూళ్లేదు. వాడంటే ఆవిడకి ప్రాణం. ఎనిమిదో వంతు చూసి మురిసిపోతోంది, అదలాగే ఉండనీ. ఇదివరకట్లా పెద్దది చేసెయ్యి.”

ఫైలుకి రాసే హక్కు మళ్లీ ఇచ్చాను. ప్రిఫరెన్సెస్ తెరిచి టిక్కు పెట్టి సేవ్ నొక్కాను. మూసి తెరిచాను. గోడ, తోరణం, నడుం దాకా ఇద్దరు. మాస్టారు వంగి, నాలుగు అంచులూ పరీక్షగా చూశారు. తృప్తిపడ్డారు.

“నిన్నటిలా తాళం కూడా వేసెయ్యి” అన్నారు. “ఎప్పుడైనా తుడుస్తూ ఆవిడ చెయ్యి తగిలిందంటే, మళ్లీ సరైపోతుంది.”